మరకలమ్మకు పట్టిన దురద

మా లాండ్రీలో మరకలమ్మ చేతికి లొంగని మరక ఇంకా పుట్టలేదు. అబద్ధమనుకుంటే నన్నడగండి, ఇంకో రెండు కలిపి చెబుతాను. ఒక హోటల్ మేనేజరు కోటు మీద పడ్డ నూనె మచ్చను ఎంత శుభ్రంగా తీసిందంటే, మచ్చ ఉన్న చోటు కొత్తదానిలా మెరుస్తూ మిగతా కోటంతా మురికిగా కనబడుతోందని ఆయన తిరిగొచ్చి పోట్లాడాడు. పులిని తెచ్చి బల్ల మీద కట్టేయగలిగితే భోజనాల వేళకి చారలు లేకుండా పంపిస్తుంది. చంద్రుడి సంగతి మాత్రం నేను హామీ ఇవ్వను. అంత ఎత్తునుంచి దించుకొచ్చే మనిషి దొరకాలి కదా.

నేను ఆవిణ్ణి వదిన అంటాను. నా ఇస్త్రీ బల్లకూ ఆవిడ మరకల బల్లకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందుంది. ఆ సందులోంచి విన్నదే ఇదంతా. చదువు మధ్యలో వదిలేసినా వినికిడిలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు. గోడ అవతల గుసగుసలాడుకున్నా నాకు చెప్పి ఆడుకున్నట్టే ఉంటుంది.

వదిన పనికి ఒక పద్ధతుంది. మరక పడ్డ గుడ్డను వాలు బల్ల మీద పరిచి, కింద పాత తువ్వాలు పెట్టి, సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా వేస్తుంది. బ్రష్షుతో తట్టడమే కానీ రుద్దదు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెబుతుంది. "మరక కదిలిందా, మందు ఆపెయ్. ఆశపడి ఇంకొక్క చుక్క వేశావనుకో, పోయేది మరక కాదు, గుడ్డ." మా హాల్లో ఆ మాటకి తిరుగులేదు. ఆ మాట తప్పినవాళ్లు కాల్చిన చొక్కాలు, చీకిపోయిన పరదాలు మాకందరికీ గుర్తే.

ఆవిడకు దురద మొదలైంది పంటి నొప్పి తర్వాత. దవడ వాస్తే పళ్ల డాక్టరు గట్టి మాత్రలు రాశాడు. దవడ తగ్గింది. ఆ వెనకే తొడల మధ్య మంట, దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. మా పని చూస్తే దురద రాకపోవడమే వింత. ఒకవైపు బోయిలరు వేడి, ఇంకోవైపు నీళ్ల తుంపర. ఒంటి మీద గాలి చొరని నైలాన్ యూనిఫాం, దాని మీద రబ్బరు ఏప్రాను. పొద్దున తడిసిన ప్యాంటు సాయంత్రం ఒంటి మీదే ఆరాలి. బల్ల వదిలి బాత్రూంకి వెళ్తే వెనక బట్టలు గుట్ట పడతాయి కాబట్టి నీళ్లు తాగడం కూడా మానేస్తాం.

వదిన బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని, ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతూ ఉంటే నాకు నవ్వొచ్చింది.

"ఏంటి వదినా, డాన్సు నేర్చుకుంటున్నావా? తోడు కావాలంటే చెప్పు, నేనూ వస్తాను."

"నోర్ముయ్యవే," అంది. ఎప్పుడూ తిట్టేటప్పుడు నవ్వే మనిషి, ఆరోజు నవ్వలేదు. కాసేపటికి సందులోకి వంగి చెవిలో చెప్పింది. "కింద తినేస్తోందే. కత్తి ఇస్తే కోసి పారేస్తాను."

ఆ మాట మందుల షాపులో చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. షాపులో ఉండేది మగవాడు, పైగా వాళ్ల వీధివాడే. నాకు సిగ్గేంటి? వెళ్లి, జనం ఉండగానే, "అన్నా, కింద దురదకి మందియ్యి," అన్నాను. ఆయన తల పైకెత్తి ఫ్యానుతో మాట్లాడాడు. "లోపల పెట్టుకునే మాత్రలు ఇవి. పెట్టె అయ్యేదాకా రోజూ పడుకునే ముందు ఒకటి," అని ఫ్యానుకే చెప్పి పెట్టె నా ముందుకు తోశాడు.

రెండు మాత్రలకే దురద సగానికి దిగింది. మూడోదానికి పోయింది. వదిన మిగతావి బీరువాలో దాచేసింది. నెల తిరక్కముందే మళ్లీ మొదలైంది. మళ్లీ మాత్రలు, మళ్లీ తగ్గడం, మళ్లీ ఆపడం, మళ్లీ రావడం. వచ్చిన ప్రతిసారీ అంతకుముందుకంటే మొండిగా వచ్చింది. షాపాయన ఫ్యానుని చూస్తూనే ఒక తెల్ల ట్యూబు కూడా ఇచ్చాడు. అది రాస్తే చల్లగా ఉండేది, మానేస్తే చర్మం ఎర్రగా పొరలు లేచేది.

వాళ్లాయన లిఫ్టులు బాగుచేస్తాడు. నాకు వరసకి అన్నయ్య. ఊళ్లో అందర్నీ పై అంతస్తులకు ఎక్కించే మనిషే కానీ, ఇంట్లో ఒక మాట కిందపడితే ఎత్తడం చేతకాదు. కొన్నాళ్లు చూశాడు. తర్వాత చాప తీసుకెళ్లి ముందు గదిలో వేసుకున్నాడు. ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆవిడ మొహం చూడకుండా అడిగాడట. "నాకేం లేదు. మరి నీకెక్కణ్నుంచి వచ్చింది?"

వదిన ఇది నాకు చెబుతూ ఒక చొక్కా కాలరు మీద బ్రష్షు ఆడిస్తోంది.

"ఏం చెప్పమంటావే? పొద్దున్నుంచీ నేను చూసే మగాడు బోయిలరు దగ్గర ముసలాయన. ఆయన పేరు చెప్పనా? ఆయనకి సంతోషంతో గుండె ఆగిపోతుంది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ రుద్దుతోందని నేను గమనించేసరికి కాలరు చిరిగిపోయింది. మరకలమ్మ గుడ్డ పాడుచేయడం నేను చూడటం అదే మొదలు. ఆవిడ ఆ చిరుగులో వేలు పెట్టి చూసుకుంది.

ఇక కడగడం మొదలుపెట్టింది. ముందు వేణ్ణీళ్లు, తర్వాత వాసన సబ్బు, తర్వాత గాయాలకు పూసే మందు కలిపిన నీళ్లు. లోపలిదాకా. ఎంత కడిగితే అంత మండేది, ఎంత మండితే అంత మురికి ఉందనుకుని ఇంకా కడిగేది. ఒక మధ్యాహ్నం బాత్రూంలోంచి ఎంతకీ రాలేదు. తలుపు తోస్తే, కుళాయి పట్టుకుని వేలాడుతోంది. పక్కన మగ్గు. మగ్గులోంచి వచ్చే వాసన నాకు బాగా తెలుసు. మూడో సీసా. పలచటి బట్టలకు వాడే మరకల మందు.

"వదినా, ఇది ఒంటికి పోసుకున్నావా?"

"నీళ్లు బాగా కలిపాను," అంది పళ్ల బిగువున. "పట్టుకే ఏం కాదు కదే. నాకేమవుతుందిలే అనుకున్నాను."

చల్లటి నీళ్లు పోసి పోసి కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం కాళ్లు దగ్గరికి రానివ్వకుండా నడిచి ఇంటికెళ్లింది. నేను వెనక నడుస్తూ బట్టతల పులి కథ, రెక్కలొచ్చిన లంగా కథ, నా దగ్గరున్న కథలన్నీ విప్పాను. ఒక్కదానికీ ఊ కొట్టలేదు.

మా కౌంటర్లో రసీదులు కొట్టే ఆవిణ్ణి అందరం పిన్ని అంటాం. మంచి మనిషే. తనకు గర్భసంచి తీసేశాక పీడలన్నీ వదిలిపోయాయని, నడుంనొప్పి మొదలుకొని తోడికోడలితో తగాదా వరకూ అన్నిటికీ అదే వైద్యమని ఆవిడ నమ్మకం.

"అదెందుకే ఇంకా? ఒక పిల్లని కన్నావు, చాలదా? తీయించెయ్. కారేదీ ఉండదు, దురదా ఉండదు. నాకు తీసినాయన చేతిలో పూవులా పనయిపోతుంది."

వదినకు ముప్ఫై నాలుగేళ్లు. ఒక్కతే కూతురు. రెండోవాళ్లు కావాలని ఆవిడకు ఎంత ఆశో నాకు తెలుసు. పసిపిల్లల బట్టలు ఉతుక్కి వస్తే వాటి మరకలు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. అలాంటి మనిషి పిన్ని మాట విని, మొహం తుడుచుకుని, "ఎప్పుడు వెళ్దాం?" అంది.

"వదినా, చెవిలో దురదొస్తే తల తీయించుకుంటావా?" అన్నాను.

"తలలో ఇంత దురదొస్తే తీయించుకుంటానే," అంది. "నువ్వు నవ్వించకు. నాకిక చేతకావడం లేదు. పడుకోలేను, నిలబడలేను, మొగుడి పక్కన కూర్చోలేను. ఉంటే బిడ్డొస్తుందని దాచుకున్నాను. ఇలా ఉంటే బిడ్డెక్కణ్నుంచి వస్తుంది?"

నేను నా బల్ల దగ్గరికెళ్లి, ఇస్త్రీ అయిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేశాను.

పిన్ని చెప్పిన క్లినిక్‌లో డాక్టరు స్కానింగు చూశాడు, సంచి కొంచెం వాచిందన్నాడు, ఇన్నాళ్ల బాధ అంటున్నారు కాబట్టి తీసేయొచ్చన్నాడు. వదిన తెల్లబట్ట, మంట అని మాత్రమే చెప్పింది. ఆయన అంతకన్నా అడగలేదు. రోజు కూడా ఖాయమైంది. కానీ ఆపరేషనుకు ముందు చేసే రక్తపరీక్షలో చక్కెర చాలా ఎక్కువగా ఉందని తేలింది. ఇలా ఉంటే కోసిన చోటు మానదు, ముందు చక్కెర తగ్గించుకుని రండని పంపించేశారు.

వదిన క్లినిక్ మెట్ల మీద కూలబడింది. వచ్చేపోయేవాళ్లు పక్కకు తప్పుకుని నడుస్తున్నారు.

"దీనికి కూడా పనికిరాలేదే నేను," అంది. అంతే. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

చక్కెర వైద్యానికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ రాసిన మాత్రలు తీసుకున్నాక, పక్కనే ఆడవాళ్ల విభాగం బల్ల మీద చోటు కనిపిస్తే ఆవిణ్ణి లాక్కెళ్లి కూర్చోబెట్టాను. లోపల డాక్టరమ్మ పెద్ద వయసావిడ. కళ్లజోడు ముక్కు మీద, విసుగు కళ్లజోడు మీద. వదినను పరీక్షబల్ల మీద పడుకోబెట్టి చూసి, దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఏమేం పోశావమ్మా దీని మీద?"

వదిన ఒక్కొక్కటీ చెప్పింది. మూడో సీసా సంగతి నేను చెప్పాను.

"మాత్రలు ఎన్నాళ్లు పెట్టుకున్నావు?"

"తగ్గేదాకా."

"తగ్గడమంటే?"

"దురద కదలగానే ఆపేసేదాన్ని డాక్టరమ్మా. ఇంకా వేస్తే చర్మం కాలిపోతుంది కదా."

డాక్టరమ్మకు అర్థం కాక నా వైపు చూసింది. మా బల్ల పద్ధతి నేను విడమర్చి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మొదటిసారి విసుగు లేకుండా మాట్లాడింది.

"మరక ప్రాణం లేనిది. ఒకసారి పోతే పోయినట్టే. ఇది ప్రాణమున్నది, ఫంగస్. చాలామంది ఆడవాళ్ల ఒంట్లో చప్పుడు చేయకుండా ఉంటుంది. పంటికి వాడిన మందు దీన్ని అదుపులో పెట్టే మంచి క్రిముల్ని చంపేసింది. నీ ఒంట్లో చక్కెర దీనికి మేత పెట్టింది. నువ్వు మందు వేసినప్పుడల్లా సగమే చచ్చింది, మిగిలింది మళ్లీ పెరిగింది. కడిగి కడిగి పైన చర్మాన్ని కూడా ఒలిచేసుకున్నావు."

"మరి సంచి తీసేస్తే?" అంది వదిన.

"ఇంటి కింద వాకిట్లో చీమలుంటే పై అంతస్తు కూల్చుకుంటారా? సంచికీ దీనికీ సంబంధం లేదు."

వదిన గొంతు తగ్గించింది. "మా ఆయన... ఎవరిదగ్గర్నుంచో వచ్చిందనుకుంటున్నాడు."

"ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఎవరితో కలవని ఆడవాళ్లకీ వస్తుంది. పంపించు, నేను చెబుతాను."

పరీక్షలోనూ ఫంగసే అని తేలింది. మొదట దగ్గర దగ్గరగా మింగే మాత్రలు, తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు. దురద ఉన్నా లేకపోయినా. ఈ మాత్రలు నడుస్తున్నంతకాలం కడుపు రాకుండా చూసుకోవాలి. లోపల ఏదీ పోయకూడదు, పైన ఉత్త నీళ్లు చాలు. ట్యూబు పారేయాలి, నూలు లోదుస్తులు వేసుకోవాలి, తడిస్తే మార్చుకోవాలి. చక్కెర అదుపులో ఉంచుకోవాలి.

అన్నయ్యకు కబురు నేనే మోశాను. ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు కింద గోతిలో ఉన్నాడు. పైనుంచి వంగి మొత్తం చెప్పాను. నాలుగు అంతస్తుల పైదాకా ప్రతిధ్వనించింది.

"కొంచెం మెల్లగా చెప్పమ్మా," అన్నాడు గోతిలోంచి.

"నువ్వు అడిగిన మాట కంటే మెల్లగానే చెబుతున్నాను అన్నయ్యా."

ఆయన పైకొచ్చి, చేతుల గ్రీజు తుడుచుకుని, ఆ సాయంత్రమే చాప చుట్టేశాడట. క్షమించమని మాత్రం అనలేదు. ఆ మాట ఇంకా ఏ అంతస్తులో ఇరుక్కుందో.

మందు పనిచేసింది. వదిన మళ్లీ రెండు కాళ్ల మీద సమంగా నిలబడింది. నా మీద ఎదురు జోకులేసింది. లాండ్రీ నడిపే మేడంతో కొట్లాడి మారుగుడ్డలు పెట్టుకోవడానికి ఒక అలమరా కూడా సంపాదించింది. దురద పూర్తిగా పోయి చాలా వారాలైంది. అక్కడే వచ్చింది చిక్కు. పదిహేనేళ్లుగా, కదలగానే ఆపిన చెయ్యి అది. ఏమీ లేని ఒంట్లోకి వారం వారం మందు వేయడం ఆవిడ వల్ల కాలేదు. ఒక వారం మర్చిపోయింది. తర్వాతి వారం గుర్తున్నా వేసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు.

అది తిరిగొచ్చింది. ఈసారి ఎంత కసిగా వచ్చిందంటే, పనిలో ఉండగా ఆవిడ పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే తల అడ్డంగా ఊపింది.

"ఏ మొహంతో వెళ్లనే? చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నా ఒళ్లే ఇంత. మందుకి లొంగదు, నాకూ లొంగదు. చక్కెర ఇప్పుడు తగ్గింది కాబట్టి కోస్తారు. కోయించేసుకుంటాను."

"రెండో బిడ్డ?"

"నన్నడక్కు."

వారం తిరక్కుండా పిన్ని రోజు ఖాయం చేసింది. ఆ పొద్దున అన్నయ్య, నేను, వదిన క్లినిక్‌కి వెళ్లాం. ఆకుపచ్చ గౌను వేసి మంచమెక్కించారు. ఏమీ తినకుండా, చుక్క నీళ్లు కూడా తాగకుండా రమ్మన్నారు కాబట్టి ఆవిడ పెదవులు ఎండిపోయాయి. అన్నయ్య ఆవిడ చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాడు. నేను ఏదైనా చెప్పి నవ్వించాలని చూశాను. బట్టతల పులి కథ మొదలుపెట్టి సగంలోనే ఆపేశాను, నమ్మండి.

డాక్టరు చివరిగా ఒకసారి చూడటానికి వచ్చాడు. తొందరలో ఉన్నాడు, అయినా మర్యాదగానే అడిగాడు. "ఏమైనా అడగాలా అమ్మా?"

వదిన గౌను కిందినుంచి కాళ్లు ముడుచుకుంటూ అంది. "ఇది తీసేస్తే దురద పోతుందా?"

"నెలసరి ఉండదు. కడుపునొప్పులుంటే తగ్గుతాయి."

"దురదండీ."

ఆయన ఆగాడు. చేతిలో ఉన్న కాగితాలు తిరగేశాడు. "దురదా? అది వేరే. అది యోనిలో వచ్చే ఫంగస్ అయితే, ఆపరేషన్ తర్వాత కూడా మందు వాడుకోవాల్సిందే."

"ఏ మందు?"

ఆయన మందు పేరు చెప్పాడు. ఆవిడ చేతిసంచిలో ఉన్న మాత్రల పేరే.

వదిన ఆయన మొహం వైపు, తర్వాత తన పొట్ట వైపు చూసుకుంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకుందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"అంటే ఇది పోతుంది, అది ఉంటుంది," అంది మెల్లగా. "ఉండేదానికి మళ్లీ ఈ మాత్రే."

"అవును."

ఆవిడ మంచం దిగింది. దిగుతుంటే గౌను కాలికి చుట్టుకుంది, అన్నయ్య లేచి పట్టుకున్నాడు. ఆయన చేతిలోంచి సంచి లాక్కుని, జిప్పు తీసి, మాత్రల అట్ట బయటికి తీసింది. దురద ఇంకా అలాగే ఉందని ఆవిడ నిలబడిన తీరులోనే తెలుస్తోంది. తొడలు దగ్గరికి నొక్కుకుని, కళ్లలో నీళ్లు నిలుపుకుని, నర్సు వైపు తిరిగింది.

"అమ్మాయ్, కాసిని నీళ్లియ్యి."

"మీరు నీళ్లు తాగకూడదు. ఆపరేషనుంది కదా," అంది నర్సు.

"ఆపరేషన్ లేదు," అంది వదిన. "నీళ్లియ్యి."